మిర్చి కల్లంలో శోధన

ముదిగొండ వైపు లెంట్ దినాలూ మిర్చి కోతలూ ఒకేసారి వస్తాయి. కల్లంలో ఆరిన కాయను ఖమ్మం మార్కెట్‌కు తోలేముందు కాసిని నీళ్లు చల్లితే తూకం పెరుగుతుంది. అప్పు నెత్తిన ఉన్న రైతుకు శోధన అంటే ఆ చెంబెడు నీళ్లే.

మేలు చేయాలని ఉన్నా కీడే చేస్తున్నానని పౌలు రోమా పత్రిక 7వ అధ్యాయంలో వాపోయాడు. అంతటి అపొస్తలుడికే ఆ పెనుగులాట తప్పలేదంటే నాకు ధైర్యంగా ఉంటుంది. 1912 నుంచి 1945 దాకా డోర్నకల్ బిషప్‌గా ఉన్న అజరయ్యగారు బాప్తిస్మం తీసుకున్నవాళ్ల బతుకే మారాలని, తాగుడు మానాలని పట్టుబట్టారు. ఆ పట్టుదల నాకిష్టం. కానీ మనిషి ఒంటరిగా మారలేడు; దేవుని కృపకు తోడు, చెయ్యి పట్టుకునే సంఘమూ కావాలి. కూటాల్లో పాపాల గురించి ఇంతసేపు మాట్లాడతాం, పక్కనే కూర్చున్న రైతును వడ్డీ ఎంతైందని మాత్రం అడగం.