ఒక గేరుబాక్సు కోసం శాన్ ఆంటోనియో దాకా

హ్యూస్టన్ నగరంలో కిబ్లా ఈశాన్య దిక్కున ఉంటుంది. జీవితమంతా పడమటికి తిరిగి నమాజు ఆచరించిన నన్ను, అక్కడ కూతురి ఇంట దిగిన మొదటి వారమంతా మనుమడు భుజం పట్టి "నానా, ఇటు" అని తిప్పవలసి వచ్చింది. భూమి గుండ్రమన్నది బడిలో విన్నదే. కాని ఆ జానమాజు మీద నిలబడిన నాడుగాని అది నా ఒంటికి తెలియలేదు.

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో దాదాపు 40 ఏళ్లు లారీల గేరుబాక్సులు విప్పి బిగించినవాణ్ణి. విశ్రాంతిగా ఉంటారని కూతురు రప్పించింది. అల్లుని వాకిట్లో నిలిచి ఉన్న పాత ట్రక్కు ఆ విశ్రాంతి దక్కనివ్వలేదు. అది 1989 నాటి షెవర్లే. అక్కడ ట్రక్కంటే మన లారీ కాదు. ముందు ఇద్దరు ముగ్గురు కూర్చొని, వెనుక తొట్టిలో సామాను వేసుకొనే పికప్పు. ఏసీ యంత్రాల మరమ్మతు అల్లుని వృత్తి. పనిముట్లు మోసుకుపోవడానికి దానిని ఒకరి వద్ద నగదిచ్చి కొన్నాడు.

"కొన్ననాటి నుంచి ఇంతే మామూ. పడుకున్న ఎద్దును లేపినట్టు లేస్తుంది. హైవే ఎక్కితే ఒకటే గోల. పాత బండి కదా, అలాగే ఉంటుందన్నాడు అమ్మినాయన."

పక్కన కూర్చొని కొంత దూరం పోయి వచ్చాను. రెండో సిగ్నలు దాటేసరికి అర్థమైంది. ఆ ఆటోమేటిక్ గేరుబాక్సుకు నాలుగు గేర్లు ఉండవలసి ఉండగా మూడోది ఒక్కటే పనిచేస్తున్నది. నిలిచిన చోటి నుంచి కదిలేదీ మూడో గేరులోనే, 70 మైళ్ల వేగాన రొప్పుతూ పోయేదీ మూడో గేరులోనే.

ఇంటికి వచ్చి బానెట్ ఎత్తాను. ఇంజనుకు గాలి వదిలే థ్రాటిల్ పక్కన ఏదో కేబులు తగిలించవలసిన కొక్కెం ఖాళీగా ఉంది. కిందికి దూరి చూస్తే గేరుబాక్సు పక్కన ఒక గుండ్రని ప్లగ్గు, ఒక్క తీగ కూడా లేకుండా నోరు తెరుచుకొని ఉంది. ఆ బండ్లలో డ్యాష్‌బోర్డు పెట్టె లోపల ఒక చీటీ అంటించి ఉంటుంది. కర్మాగారం నుంచి ఏయే భాగాలతో బయటికి వచ్చిందో అందులో సంకేతాలుగా రాసి ఉంటుంది. జన్మపత్రం వంటిదన్నమాట. దాని మీద ఎమ్‌డీ8 అని ఉంది. ఎమ్‌డీ8 అంటే 700ఆర్4 అనే గేరుబాక్సు అని అల్లుడు వెదికి చెప్పాడు. కింద బిగించి ఉన్నది అది కాదు. దాని తరువాతి తరానికి చెందిన 4ఎల్60ఈ.

యంత్రాల మాట రుచించని పాఠకులు ఈ కొంచెం ఓర్చుకోవాలి. 1970లలో ఇంధనానికి కరవు వచ్చిన తరువాత అమెరికా కంపెనీలు ఆటోమేటిక్ గేరుబాక్సులకు నాలుగో గేరు చేర్చసాగాయి. దానినే ఓవర్‌డ్రైవ్ అంటారు. 1982లో వచ్చిన 700ఆర్4లో మూడో గేరు సరిసమానం, నాలుగోది 0.70. మూడో గేరులో ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగే వేగంలో, నాలుగో గేరు పడితే 2100 చుట్లు చాలు. గోలా తగ్గుతుంది, పెట్రోలూ మిగులుతుంది. 1993లో ట్రక్కులకు వచ్చిన 4ఎల్60ఈలోనూ ఇవే గేర్లు, ఇవే నిష్పత్తులు. రెండింటినీ పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి. ఆ ఇంజనుకు రెండూ బోల్టు తేడా లేకుండా అమరుతాయి.

భేదమంతా, గేరు ఎప్పుడు మార్చాలో నిర్ణయించేది ఎవరన్న దగ్గర ఉంది. పాతదానిలో ఆ నిర్ణయం నూనె ఒత్తిడిది. యాక్సిలరేటరును ఎంత తొక్కామో థ్రాటిల్ నుంచి వచ్చే ఒక కేబులు దానికి తెలియజేస్తుంది. కొత్తదానిలో కేబులు లేదు; కంప్యూటరు పంపే విద్యుత్తుతో కదిలే కవాటాలు ఆ పని చేస్తాయి. పేరు చివరి 'ఈ' అక్షరం ఎలక్ట్రానిక్ అనడానికే. 1989 ట్రక్కులోనూ కంప్యూటరు ఉన్న మాట నిజం. కాని దానికి తెలిసినది ఇంజనుకు పెట్రోలు ఎంత పోయాలి, నిప్పురవ్వ ఎప్పుడు పుట్టించాలి అన్నవి. గేరుబాక్సు విషయంలో దానికి అప్పగించిన పని ఒక్కటే: బండి నిలకడగా పోతున్నప్పుడు టార్క్ కన్వర్టరును జారకుండా బిగించడం. గేర్లు మార్చే విద్య దానికి ఎవరూ నేర్పలేదు. విద్యుత్తు అందని 4ఎల్60ఈ మూడో గేరులో నిలిచిపోతుంది. దారిలో తీగ తెగినా బండి ఎలాగో ఇల్లు చేరాలని తయారుచేసినవారు పెట్టిన ఏర్పాటు అది. ఆ ఆపద్ధర్మాన్నే బండి సహజ గుణమని చెప్పి నా అల్లునికి అంటగట్టారు.

బోల్టులు కలిస్తే భాగాలు కలిసినట్టేనన్నది ఆటోనగర్‌లో నేను శిష్యులకు చెప్పిన మాట. 67వ ఏట దానిని దిద్దుకోవలసి వచ్చింది.

దారులు రెండు మూడు లేకపోలేదు. 1993 తరువాతి ట్రక్కు నుంచి కంప్యూటరును, దాని తీగల కట్టనూ తెచ్చి అమర్చవచ్చు. గేరుబాక్సుకు మాత్రమే పనికివచ్చే కంప్యూటరు విడిగా దొరుకుతుంది, దానిని కొనవచ్చు. బండి దేనితో పుట్టిందో దానినే తిరిగి తెచ్చి పెట్టడం మేలని నాకు తోచింది. శాన్ ఆంటోనియో శివార్లలో ఒక వృద్ధుని వద్ద 1990 ట్రక్కు విప్పిన భాగాలున్నాయని అల్లుడు కనుగొన్నాడు. గేరుబాక్సు 70 కిలోల బరువు కనుక కూతురి వ్యానులో వెనుక సీట్లు తీసేసి, ఫజర్ నమాజు ముగించి ఇద్దరం బయలుదేరాం.

హ్యూస్టన్ నుంచి శాన్ ఆంటోనియోకు పడమరగా 10వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి మీద దాదాపు 315 కిలోమీటర్లు. ఊరు దాటగానే కేటీ వస్తుంది. ఒకప్పుడు అదంతా వరి పండిన నేల. పాత ధాన్యపు గాదెలు నేటికీ కొన్ని ఇళ్ల మధ్య నిలిచి ఉన్నాయి. కృష్ణా డెల్టా మనిషికి ఆ చదును నేల చూస్తే మనసు ఊరికి పోతుంది. కొలంబస్ వద్ద కొలరాడో నది దాటాం. అది గ్రాండ్ కాన్యన్‌ను చెక్కిన కొలరాడో కాదు, టెక్సస్‌లోనే పుట్టి టెక్సస్‌లోనే సముద్రంలో కలిసేది. రోడ్డు పక్కన వసంతకాలపు నీలి పూలు. లూలింగ్ వద్ద చమురు తోడే యంత్రాలు రుకూలోకి వంగి లేస్తున్నట్టు కనిపించాయి. ఆ మాట పైకి అంటే అల్లుడు నవ్వాడు.

వృద్ధుడు మధ్యాహ్నం రమ్మన్నాడు. ఉన్న సమయంలో అల్లుడు నన్ను ఊరి దక్షిణాన ఎస్పాడా కాలువ చూడటానికి తీసుకుపోయాడు. స్పెయిన్ నుంచి వచ్చిన క్రైస్తవ సన్యాసులు 1740లలో కట్టించిన రాతి వంతెన అది. ఒక వాగు మీదుగా పొలాలకు నీళ్లు మోస్తుంది. రెండే కమానులు. నీళ్లు నేటికీ పారుతున్నాయి. అటువంటి కాలువను వారు 'అసేక్యా' అంటారు. అది అరబ్బీ 'అస్-సాఖియా' నుంచి వచ్చిన మాట. అందలూసియాలో ముస్లిములు తవ్విన కాలువల విద్య, వారు పెట్టిన పేరుతో సహా, స్పెయిన్ వారి వెంట సముద్రం దాటి ఈ ఎండ నేలకు చేరింది. దగ్గరలోని ఎస్పాడా చర్చి వాకిలి కమాను కూడా ఆ ఛాయలదే. కాలువ పక్క గడ్డి మీద జొహర్ రెండు రకాతులు ఖస్ర్ చేసుకొని లేచాం.

వృద్ధుని పెరడు మా ఆటోనగర్ షెడ్డును గుర్తుచేసింది: నూనె మరకలు, డబ్బాల్లో నట్లు, ఒక మూల నిద్రపోతున్న కుక్క. నా ఇంగ్లీషు కొంచెమే, ఆయన ఇంగ్లీషు నిండా స్పానిష్. చేతులతో మాట్లాడుకున్నాం. గేరుబాక్సు చూపించాడు. పైకి వంక పెట్టడానికి లేదు. బేరం మొదలుపెట్టకముందే ఆయన మూడు వేళ్లు, నాలుగు వేళ్లు చూపి తల అడ్డంగా ఊపాడు. మూడు, నాలుగు గేర్లను పట్టి ఉంచే క్లచ్ ప్లేట్లు అరిగాయి, వేడెక్కితే జారుతుంది, విప్పి ప్లేట్లు మార్చనిదే బండికి పెట్టవద్దు అన్నాడు. ఆ గేరుబాక్సుకు అది పేరుపడ్డ బలహీనతే. కాని మేము అడగలేదు. అడిగినా మాకు తెలిసే దారి లేదు. తానే ధర తగ్గించాడు. థ్రాటిల్ కేబులు, దానికి సరిపడే టార్క్ కన్వర్టరు కూడా తెచ్చి వ్యానులో పెట్టాడు. కేబులు సరిగా అమర్చకుండా ఒక్క మైలు కూడా నడపవద్దని రెండుసార్లు చెప్పాడు. ఒత్తిడి చాలక ప్లేట్లు మాడిపోతాయట.

తిరుగు ప్రయాణంలో నేను పెద్దగా మాట్లాడలేదు. మదీనా అంగట్లో దైవప్రవక్త (సఅసం) ధాన్యపు రాశిలోకి చేయి పోనిచ్చి అడుగున తడిని కనుగొన్న ఉదంతం మనకందరికీ తెలుసు. ఆ తడి ధాన్యాన్ని పైకి కనబడేటట్టు పెట్టి ఉండవలసిందని ఆ వర్తకునికి చెప్పారు. ఈ వృద్ధునికి ఆ ఉదంతం తెలిసి ఉండదు. తెలిసిన నేను, సుమారు 30 ఏళ్ల క్రితం, ఒక లారీ డిఫరెన్షియల్‌లో పళ్లు అరిగి కూతపెడుతుంటే, యజమాని చెప్పాడని చిక్కని గ్రీజు కలిపి కూత అణచాను. ఎవరో పొరుగూరి రైతు వచ్చి, నడిపి చూసి, సంతోషంగా కొనుక్కుపోయాడు. నా కూలి నాకు ముట్టింది. ఆ లారీ ఎంత దూరం పోయిందో నేను ఎన్నడూ విచారించలేదు. సెగీన్ దాటాక ఈ సంగతి అల్లునికి చెప్పాను. ఆయన రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు.

తరువాతి వారాంతం గరాజులో గేరుబాక్సు విప్పాం. ఆయన పుస్తకం చదివి చెబితే నేను చేతులు కదిలించాను. కొత్త ప్లేట్లు వేశాం. రేడియేటరుకు పోయే నూనె గొట్టాలు కడిగాం. కేబులు తగిలించి, దాని మీద మీట నొక్కి వెనక్కి తోసి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కగానే అది తన కొలత తానే తీసుకుంది. బండి బయటికి తీస్తే మూడు గేర్లు చక్కగా పడ్డాయి, నాలుగోదీ పడింది. కాని కన్వర్టరు బిగియడం లేదు. ఆ కాలపు కంప్యూటరును ప్రశ్నించడానికి పెద్ద పరికరం అక్కరలేదు. స్టీరింగు కింది ప్లగ్గులో రెండు రంధ్రాలను కాగితాల పిన్నుతో కలిపితే ఇంజను దీపం మిణుకుతూ జవాబిస్తుంది. ఒకటి, ఆగి, రెండు: అంటే 12, నేను మేల్కొనే ఉన్నానని. ఆ తరువాత రెండు, ఆగి, నాలుగు. 24 అంటే వేగం తెలిపే సెన్సారు నుంచి సంకేతం రావడం లేదని. మునుపటివారు ఆ తీగను ఒక ఇనుప కమ్మీకి కట్టి వదిలేశారు. బండి ఎంత వేగంతో పోతున్నదో తెలియని కంప్యూటరు కన్వర్టరును ఎలా బిగిస్తుంది? తీగ కలిపాం. కేటీ దాకా పోయి వచ్చాం. ఇంజను చప్పుడు లేక మనుమడు వెనుక నిద్రపోయాడు.

ఇక మిగిలింది విప్పి పక్కన పెట్టిన 4ఎల్60ఈ. అమ్మితే ఖర్చులో సగం తిరిగి వస్తుంది. అది నెలల తరబడి మూడో గేరులోనే, కన్వర్టరు బిగియక, వేడికి ఉడుకుతూ తిరిగింది. నూనె నల్లబడి మాడు వాసన వేస్తున్నది. ప్రకటన చూసి ఒక నిర్మాణ కార్మికుడు వచ్చాడు. తన 1994 ట్రక్కుకు కావాలట. ఒక చిన్న పిల్ల చేయి పట్టుకొని నిలబడి ఉంది.

"నూనె కొత్తది పోసే ఉంచాను మామూ. అడిగితే చెబుతాను," అన్నాడు అల్లుడు తెలుగులో, మెల్లగా. ఆ నెల ఇంటి వాయిదా ఎంతో నాకు తెలుసు. నేను అవుననలేదు, కాదనలేదు. నా చూపు గరాజు మూలన ఉన్న గ్రీజు డబ్బా మీదికి పోయింది.

వచ్చినవాడు బరువు ఎత్తి చూశాడు, అటూ ఇటూ తిప్పాడు, జేబులో చేయి పెట్టాడు. ఏమీ అడగలేదు. అల్లుడు ఒక నిమిషం నిలబడి, లోపలికి పోయి, పాత నూనె ఉన్న సీసా పట్టుకొచ్చి అతని చేతిలో పెట్టాడు. మూత తీసి వాసన చూడమన్నాడు.

బేరం మూడో వంతుకు దిగింది. గేరుబాక్సు ఎక్కించాక నేను ఒక అట్టముక్క మీద గుండ్రని ప్లగ్గు బొమ్మ వేసి ఇచ్చాను. బిగించకముందు డ్యాష్‌బోర్డు పెట్టెలో చీటీ చూసుకొమ్మని అల్లుని చేత చెప్పించాను. ఆ రాత్రి ఇషా తరువాత ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. మనుమడు దానిని పెద్దది చేసి నాకు చదివి వినిపించాడు. చీటీ మీద ఎమ్30 అని ఉంది. అది 4ఎల్60ఈ సంకేతమే.