శోకానికీ ఒక పద్ధతి ఉంటుంది



ఈసారి మీకు ఎర్నెస్తో దె మార్తినో గురించి చెప్పాలని కూర్చున్నాను. ఇటలీ దేశపు మానవ శాస్త్రవేత్త, మత చరిత్రకారుడు. పల్లెజనం నమ్మకాల గురించి రాసినవాళ్ళలో నాకు ఇంత నచ్చిన మనిషి ఇంకొకరు లేరు. ఆయన ఆ నమ్మకాలను వెక్కిరించలేదు, అలాగని నెత్తికెత్తుకోనూ లేదు. ఈ తంతే లేకపోతే ఈ మనిషి ఏమైపోతుందన్నది ఆయన ప్రశ్న. జీవితమంతా దాని వెంటే తిరిగాడు.

1908లో నేపుల్స్‌లో పుట్టాడు. అక్కడే అదోల్ఫో ఒమోదెయో దగ్గర చదువుకుని, ప్రాచీన గ్రీకుల ఎలియూసిస్ క్రతువుల మీద సిద్ధాంతవ్యాసం రాసి 1932లో పట్టా పుచ్చుకున్నాడు. చాలాకాలం బారీ పట్నంలో హైస్కూలు మాస్టారు. తత్వవేత్త బెనెదెత్తో క్రోచే ఆ రోజుల్లో ఇటలీ మేధావులకు పెద్దదిక్కు. దె మార్తినో కూడా ఆ నీడలోనే ఎదిగాడు. కానీ 1948లో అచ్చయిన ‘ఇల్ మోందో మాజికో’ అనే పుస్తకంతో గురువుగారికే కోపం తెప్పించాడు. ‘నేనున్నాను, నా చుట్టూ లోకముంది’ అన్న ధీమా మనిషికి పుట్టుకతో వచ్చింది కాదనీ, తరతరాలుగా కష్టపడి సంపాదించుకున్నదనీ, అది చేజారిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుందనీ ఆ పుస్తకం వాదన. మంత్రతంత్రాలు పుట్టింది ఆ చేజారేదాన్ని పట్టుకోవడానికేనట. ఆ పట్టు తప్పే స్థితికి ఆయన పెట్టుకున్న పేరు ఉనికి సంక్షోభం. నవలా రచయిత చెసారె పవేసెతో కలిసి ఎయినౌది ప్రచురణ సంస్థకు మతాల మీద, ఆదిమ సమాజాల మీద ఒక గ్రంథమాల కూడా నడిపాడు.

ఇక్కడి దాకా పుస్తకాల మనిషే. ఆయన్ను మార్చింది దక్షిణ ఇటలీ. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సోషలిస్టుల తరఫున పనిచేసి, 1950లో కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. ఆ రోజుల్లోనే లూకానియా కొండల్లోని త్రికారికోకు వెళ్ళాడు. అక్కడ మేయరు రొక్కో స్కొతెల్లారో అనే కుర్ర కవి. మనుషులూ పశువులూ ఒకే గదిలో పడుకునే ఇళ్ళు చూసి తనకు సిగ్గేసిందనీ, కోపమొచ్చిందనీ దె మార్తినో దాచుకోకుండా రాశాడు. ఇలాంటి మాట పరిశోధకులు సాధారణంగా రాయరు. ఆయన తరవాత రాసినదంతా ఆ సిగ్గులోంచి, ఆ కోపంలోంచి వచ్చిందేనని నాకనిపిస్తుంది.

1952లో అదే లూకానియాకు బృందంతో వెళ్ళాడు. సంగీత పరిశోధకుడు దియేగో కార్పితెల్లా, ఫొటోగ్రాఫర్ ఫ్రాంకో పిన్నా, సహచరి విత్తోరియా దె పాల్మా వెంట ఉన్నారు. అక్కడి ఆడవాళ్ళు చనిపోయినవాళ్ళ మీద పడి శోకాలు పెట్టి ఏడవడం చూశాడు, రికార్డు చేయించాడు. ఆ ఏడుపుకు ఒక రాగముంది. ఒళ్ళు ముందుకీ వెనక్కీ ఊగడానికి ఒక లయ ఉంది. తరాలుగా వస్తున్న మాటల్లోనే పోయినవాడి కష్టం, మంచితనం, వెనక మిగిలిన పిల్లల గతి పేర్చుకుంటూ పోయేవారు. దుఃఖం ముంచుకొచ్చినప్పుడు మనిషి రెండు రకాలుగా చెడిపోతుందంటాడు దె మార్తినో: రాయిలా బిగుసుకుపోవడం ఒకటి, తల గోడకేసి కొట్టుకుని తనను తాను చంపుకోబోవడం ఒకటి. శోకాల్లోని ఆ రాగమూ ఆ లయా రెంటి మధ్యా ఆమెను పట్టి నిలబెడతాయి. దీని మీద రాసిన పుస్తకానికి 1958లో వియారెజ్జో బహుమతి వచ్చింది.

మరుసటి ఏడాది జూన్‌లో సాలెంతోకు వెళ్ళాడు. ఇటలీ మడమ భాగం అది. ఈసారి బృందంలో జొవన్ని జెర్విస్ అనే మానసిక వైద్యుడూ ఉన్నాడు. ఆ రోజుల్లో అక్కడ కోతల కాలంలో తరంతా అనే సాలీడు కుట్టిందని కొందరు, ముఖ్యంగా ఆడవాళ్ళు, పడిపోయేవారు. ఇంట్లో నేల మీద తెల్ల దుప్పటి పరిచి, చుట్టూ రంగురంగుల రిబ్బన్లు వేలాడదీసేవారు. వయొలిన్, కంజీరలాంటి తంబురెల్లో, అకార్డియన్ వాయించేవాళ్ళు వచ్చి ఒక్కో వరసా వాయించి చూసేవారు. ఏ వరసకు ఆమె కదిలితే అదే ఆ సాలీడు వరస. ఇక లేచి గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి ఆడేది. నార్దో ఊళ్ళో వయొలిన్ విద్వాంసుడు లుయిజి స్తిఫాని వృత్తి క్షవరం. మన ఊళ్ళలో సన్నాయి మేళం నాయీ బ్రాహ్మణుల చేతుల్లో ఉన్నట్టే.

ఇది విషం పనేనా? అయితే ఏటా అదే రుతువులో మళ్ళీ ఎలా వస్తుంది? మగవాళ్ళూ కోతకు వెళ్తుంటే ఎక్కువగా ఆడవాళ్ళకే ఎందుకు? ఒక యువతి కథ, ఆయన దీని మీద రాసిన పుస్తకంలో వివరంగా ఉంది. పద్దెనిమిదేళ్ళప్పుడు ఒకణ్ణి ప్రేమించింది. డబ్బు లేదని అతని ఇంట్లో ఒప్పుకోలేదు, అతను వదిలేసి పోయాడు. తరవాత ఒక ఆదివారం మధ్యాహ్నం కిటికీ దగ్గర నిలబడి ఉండగా సాలీడు కుట్టింది. ఇష్టంలేని పెళ్ళి ఆ తరవాతిది. నోరు విప్పి చెప్పుకోలేని గాయానికి ఆ ఊరు ఒక సాలీడును, ఒక పాటను, ఒక తేదీని ఇచ్చిందన్నమాట. పిచ్చి అని కొట్టిపారెయ్యకుండా ఇంటి కథ దాకా వెళ్ళి కూర్చోవడం ఆయన గొప్పతనం.

జూన్ 29న పునీత పౌలు పండగకు వీళ్ళంతా గలతీనాలోని చిన్న గుడికి వచ్చేవారు. అక్కడ వాయిద్యాలు ఉండేవి కావు. ఇంట్లో పాట వెంట ఒద్దికగా నడిచిన ఆట అక్కడ అరుపులుగా, పొర్లాటగా చెదిరిపోవడం ఆయన కళ్ళారా చూశాడు. సంగీతం తీసేస్తే ఏం మిగులుతుందో ఆ గుడిలో తేలిపోయింది. 1961లో వచ్చిన ‘లా తెర్రా దెల్ రిమోర్సో’ ఈ యాత్ర కథే.

అప్పటికి సార్దీనియాలోని కాల్యారి విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. లోకం అంతమైపోతుందన్న భయం మీద పెద్ద పుస్తకం మొదలుపెట్టాడు గానీ, 1965లో రోములో కన్నుమూశాడు. నిండా యాభై ఏడేళ్ళు లేవు. ఆ కాగితాలు 1977లో అచ్చయ్యాయి. అందులో కలాబ్రియా ముసలి గొర్రెలకాపరి ఉన్నాడు. దారి చూపించమని కారెక్కిస్తే, మార్చెల్లినారా ఊరి గంటగోపురం కనుమరుగయ్యేసరికి అతనికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. వెనక్కి తెస్తుంటే తల కిటికీ బయటే. గోపురం కనిపించాకే మొహం తేటపడింది. కారు పూర్తిగా ఆగకముందే దూకి, చెప్పకుండానే వెళ్ళిపోయాడట. అతణ్ణి దె మార్తినో మొరటువాడనలేదు, ఆ గోపురమే అతని లోకానికి గుంజ అని గుర్తుపట్టాడు.

సాలీడు పుస్తకం ఇంగ్లీషులో 2005లో వచ్చింది, దొరికితే చదవండి. ఇంకో మాట. మీ ఊళ్ళో శోకాలు పెట్టడం తెలిసిన పెద్దమ్మలు, అమ్మమ్మలు ఇంకా ఉంటే, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ వరసలో ఎత్తుకునేవారో అడిగి నాకు రాయండి. వచ్చిన ఉత్తరాలన్నీ జాగ్రత్తగా చదువుతాను, ఒప్పుకున్నవాళ్ళవి ఇక్కడే వేస్తాను.

ఇట్లు,
మీ సంపాదకుడు