స్వభావం అనే ముద్ర

అమ్మకి 71 ఏళ్లు. నాన్న పోయిన దగ్గర్నుంచీ, అంటే 12 ఏళ్లుగా డిప్రెషన్‌కి మందులు మింగుతోంది. కిందటేడు ఒక డాక్టరు ఆమె ఫైల్లో కొత్తగా ‘డిపెండెంట్ పర్సనాలిటీ డిజార్డర్’ అని రాశాడు. “అయితే ఆవిడ స్వభావమే అంతన్నమాట” అన్నాడు అన్నయ్య. స్వభావానికి మందులేమిటన్న ధోరణి ఆ రోజు నుంచే ఇంట్లో మొదలైంది.

ఆ రుగ్మత లక్షణాలు చదివాను. ఎవరి సలహా లేకుండా చిన్న నిర్ణయమైనా తీసుకోలేకపోవడం, ఆదరణ పోతుందన్న భయంతో ఎదుటివారిని కాదనలేకపోవడం, ఒంటరిగా ఉండలేకపోవడం. మన అమ్మలకి మంచి కోడలి లక్షణాలని నేర్పినవి ఇవే కదా! అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో తెచ్చిన డిఎస్ఎం-3 మీద 1983లో మార్సీ కాప్లాన్ ఇలాంటి ప్రశ్నే వేసింది. ఆడవాళ్లు ఆధారపడితే రుగ్మత అయినప్పుడు, ఇంటి పనికీ పిల్లల పెంపకానికీ ఆడవాళ్ల మీద ఆధారపడే మగవాళ్ల మాటేమిటని. 1987లో ‘తనని తాను ఓడించుకునే వ్యక్తిత్వం’ అనే మరో ముద్రని ఆ పుస్తకం అనుబంధంలో చేర్చారు. హింసకి గురైన స్త్రీనే తప్పుపట్టే మాట అని స్త్రీవాదులు గట్టిగా వ్యతిరేకించారు. 1994 నాటి పుస్తకంలో అది లేదు.

అలాగని వ్యక్తిత్వ రుగ్మతలే లేవని నేననను. వృద్ధుల్లోనూ ఉంటాయి. అవి తోడైతే డిప్రెషన్ ఓ పట్టాన లొంగదు. మందులతో పాటు ఓపిగ్గా మాట్లాడే చికిత్సా కావాలి. కానీ ఏళ్ల తరబడి కుంగిపోయిన మనిషి ఎవరైనా నిర్ణయం తీసుకోలేదు, ఎవరినో ఒకర్ని పట్టుకుని వేలాడుతుంది. అది జబ్బు చేసిన పనా, మొదట్నుంచీ ఉన్నదా అని తేల్చాలంటే ఆమె వయసులో ఉన్నప్పుడు ఎలా ఉండేదో అడగాలి. మమ్మల్ని ఎవరూ అడగలేదు.

రెండో డాక్టరు అడిగింది. పిన్ని చెప్పింది: పెళ్లికి ముందు తాతయ్య ధాన్యం లెక్కలన్నీ అక్కే చూసేదని, బాకీలు వసూలు చెయ్యడానికి ఒక్కతే బస్సెక్కి వెళ్లేదని. నాకది కొత్త కబురు. డాక్టరు మందు మార్చింది, వారం వారం మాట్లాడింది. అమ్మకి పూర్తిగా నయమైందనను. ఇల్లమ్మే కాగితాలు ముందు పెడితే మాత్రం, “ఆలోచించుకుని చెప్తాను” అంది.

“మళ్లీ తిరగబెట్టింది” అన్నాడు అన్నయ్య.

మానసిక జబ్బు ఉన్నంత మాత్రాన, కోర్టు తేల్చితే తప్ప, ఆ మనిషిని మతి స్థిమితం లేనట్టు చూడకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అంటోంది. ఊఁ అంటే ఆధారపడే స్వభావం, ఊహూఁ అంటే జబ్బు ముదరడం! మన ఇళ్లలో ముసలి ఆడవాళ్లు ఏమంటే ఆరోగ్యంగా ఉన్నట్టు?