కరిసల్ పెరట్లో మిరప

తమిళనాడులో కోవిల్‌పట్టి దాటితే దారికి రెండువైపులా నల్లరేగడే. ఏళాయిరంపన్నై చుట్టుపక్కల బాణసంచా, అగ్గిపెట్టెల పనే ఎక్కువ గానీ నేను వెళ్ళింది ఒక పెరడు చూడ్డానికి. ఆ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఈ కరిసల్ (నల్లరేగడి) నేలకు తరలివచ్చిన తెలుగువాళ్ళ కథే కి. రాజనారాయణన్ నవల ‘గోపల్ల గ్రామం’. ఆయన ఊరు ఇడైసేవల్ కూడా కోవిల్‌పట్టి దగ్గరే.

ఎండలు ముదిరాయి, మిరప కాపు అయిపోయింది. ఇంటి పెద్దమ్మ వడలిన మిరప మొక్కొకటి పీకి నా చేతికిచ్చారు. వేళ్ళ నిండా ముడులు. ఎగువ మడిలోని బొబ్బర మొక్క కూడా పీకారు. దానికీ బుడిపెలే.

“గోటితో గిల్లి చూడు నాయనా” అన్నారు.

బొబ్బర బుడిపె ఇట్టే ఊడొచ్చింది. చిదిమితే లోపల లేత ఎరుపు. గాలిలోని నత్రజనిని పట్టిచ్చే బ్యాక్టీరియా ఉండేది అందులోనే. మిరప ముడి మాత్రం ఊడలేదు. వేరే ఉబ్బి అలా అయింది, లోపల నులిపురుగులు. పెరట్లో మిరప వేసే ప్రతివాళ్ళూ ఈ తేడా ఒక్కసారైనా చేత్తో తెలుసుకోవాలి.

“మళ్ళీ ఇక్కడే మిరప పెడతారా?”

“మూడేళ్ళు పెట్టను. వంగ, టమాటా కూడా పెట్టను. అన్నీ ఒక ఇంటివే కదా, దీని తెగులు దానికి అంటుతుంది.”

బొబ్బర్లకూ ఈ పురుగు పడుతుంది. అందుకే ఈ మిరప మడిలో ముందు బంతి, ఆపైన నువ్వులు. బంతి వేళ్ళు నులిపురుగును అణుస్తాయి. చిన్న పెరట్లో మడి మార్చడమంటే నాలుగడుగులు జరగడమే, పారతో, పారే నీటితో పురుగూ వెంట వస్తుంది. ఆమె పురుగున్న మడికి నీళ్ళు చివర్న కడతారు, పార కడిగాకే ఇంకో మడిలో దిగుతారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఈ జాగ్రత్తే.

రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. తమిళ నెలలు ఐప్పసి, కార్తిగైల వానల్లో నీరు నిలిస్తే మిరప వేరు కుళ్ళుతుంది, అందుకని బోదెల మీదే నాటుతారు. తడి మట్టిని తవ్వరు, తవ్వితే రాళ్ళలాంటి పెడ్డలే. బాగా చివికిన మేకల ఎరువు వేసి, పైన వేరుశనగ పొట్టు పరుస్తారు.

మిరప విత్తనం సాత్తూరు సాంబా రకం. 1901లో మొదలైన కోవిల్‌పట్టి వ్యవసాయ పరిశోధన కేంద్రం తెచ్చిన కె-2 మిరపకు ఈ సాంబా ఒక జనక రకం. ఈసారి నారు పురుగు కనబడని ఆ బొబ్బర్ల మడిలోకి పోతుంది. బొబ్బర కాపయ్యాక మొదలు కోసి, వేళ్ళను మట్టిలోనే వదిలేస్తారట.