పొడుగు పిల్లలంతా ఎటు పోతున్నారు?

ఎండాకాలం వచ్చిందంటే నా ఫోన్ నిండా అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ రీల్సే. ఎవరు ఏ కాలేజీ వదిలేశారు, ఎవరికి ఎన్ని డాలర్లు ఇస్తున్నారు, ఇదే గోల. 2018లో అక్కడ ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అని ఒకటి పెట్టారు. కాలేజీ మారాలనుకున్న ప్లేయర్ అందులో పేరు ఎక్కిస్తే చాలు, మిగతా కాలేజీల కోచ్‌లు ఫోన్లు మొదలుపెడతారు. 2021 జూలై నుంచి ప్లేయర్లు తమ పేరు మీద, ఫొటో మీద సంపాదించుకోవచ్చన్నారు. 2025 నుంచి కాలేజీలే నేరుగా డబ్బులిచ్చే పద్ధతి కూడా వచ్చింది. ఇంకేముంది, ఏడాది తిరిగేసరికి టీమ్‌లో సగం మొహాలు కొత్తవి. "మా టీమ్‌లో సెంటర్ లేడు, మా కోచ్‌కి పిల్లల్ని పట్టుకురావడం రాదు" అని అక్కడి అభిమానులు గుండెలు బాదుకుంటుంటే నాకు నవ్వొస్తుంది. తార్నాకలో కూర్చుని నేనూ అదే ఏడుపు ఏడుస్తున్నా. నాకు డాలర్లు లేవు, అంతే తేడా.

నేను ఉస్మానియా కింద ఉన్న ఒక డిగ్రీ కాలేజీకి మూడేళ్లు ఆడాను. పాయింట్ గార్డ్‌ని. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, కాబట్టి వేరే పొజిషన్ ఎవరూ ఇవ్వలేదు. ఇప్పుడు క్యాంపస్‌లో పీజీ చేస్తున్నా. తార్నాకలో ఒక సందులో ముగ్గురం కలిసి రూమ్ తీసుకున్నాం. పాత కాలేజీ పీడీ మేడమ్ రమ్మంటే సాయంత్రాలు వెళ్లి జూనియర్లకు ఆట నేర్పుతుంటాను. జీతం లేదు గానీ సమోసా గ్యారంటీ.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. కాలేజీ టీమ్‌లు ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్ ఆడతాయి. అందులో బాగా ఆడినవాళ్లలోంచి ఓయూ జట్టు వస్తుంది. ఆ జట్టు సౌత్ జోన్‌కి వెళ్లి మిగతా దక్షిణాది యూనివర్సిటీలతో ఆడుతుంది. మొదటి నాలుగు స్థానాల్లో ఉంటేనే ఆలిండియా. అంటే ఒక చిన్న డిగ్రీ కాలేజీలో పొడుగు పిల్ల లేకపోతే ఆ లోటు ఓయూ దాకా పాకుతుంది.

ఓయూకి ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకప్పుడు దాని పరిధి ఎంత పెద్దదో! 1976లో వరంగల్‌లో కాకతీయ వచ్చింది. 2006లో నిజామాబాద్‌లో తెలంగాణ యూనివర్సిటీ, 2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ, 2008లో పాలమూరు. జిల్లాలకు యూనివర్సిటీలు రావడం మంచిదే, కాదనను. కానీ ఆ కాలేజీల్లో ఆడే పిల్లలు ఇక ఓయూ జెర్సీ వేసుకోరు. 1924 నాటి కోఠి విమెన్స్ కాలేజ్ కూడా 2022లో మహిళా విశ్వవిద్యాలయం అయింది, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది. సిటీ నడిబొడ్డున అంతమంది అమ్మాయిలున్న కాలేజీ ఇప్పుడు సొంత జట్టుతో దిగుతుంది. పేరు ఉస్మానియా అంత పెద్దదే ఉంది, పిల్లల్ని వెతుక్కునే చోటు మాత్రం చిన్నదైంది.

"మన దగ్గర టాలెంట్ లేదు" అనేవాళ్లను చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఏదైనా స్కూల్ టోర్నమెంట్‌కి వెళ్లి చూడండి. తొమ్మిదో తరగతి పిల్లలు ఎడమ చేత్తో లేఅప్ వేస్తారు. వెనక్కి చూడకుండా పాస్ ఇస్తారు. అదే పిల్లలు డిగ్రీ మొదటి సంవత్సరంలో మా కోర్టుకొచ్చి రెండు రౌండ్లు పరుగెత్తి నడుం పట్టుకుంటారు. మధ్యలో ఏమైంది? ఇంటర్ అయింది.

ఇది మన దగ్గర చూస్తాం. తమిళనాడులో ప్లస్ వన్, ప్లస్ టూ స్కూల్లోనే. అదే కోర్టు, అదే కోచ్, అదే టీమ్. ఆరో తరగతిలో బంతి పట్టుకున్న పిల్ల పన్నెండు దాకా వదలక్కర్లేదు. మన దగ్గర పదో తరగతి కాగానే స్కూల్ వదిలి జూనియర్ కాలేజ్. అది చాలాసార్లు ఒక అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగ్. కింద బేస్‌మెంట్, పైన హాస్టల్, గ్రౌండ్ అన్న మాటే లేదు. పొద్దున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్. 16, 17 ఏళ్లంటే ఒళ్లు సాగే వయసు, జంప్ పెరిగే వయసు. సరిగ్గా ఆ రెండేళ్లు బంతి ముట్టుకోకుండా ఎంపీసీ, బైపీసీ రుబ్బుతారు. తర్వాత వచ్చి "టీమ్ ఎందుకు ఓడింది?" అని మమ్మల్ని అడుగుతారు. నా క్లాస్‌లో స్కూల్ నేషనల్స్ ఆడిన అమ్మాయి ఉండేది. ఇంటర్ హాస్టల్‌లో చేరింది. తర్వాత ఎప్పుడూ ఆడలేదు. ఇంజినీరింగ్ సీట్లలో స్పోర్ట్స్ కోటా అర శాతం, దాని కోసం ఆడటం ఎందుకు, ర్యాంకు కోసం చదివితే పోలా అని వాళ్ల నాన్న లెక్క. ఆ లెక్క తప్పని నేను చెప్పలేను. అదే అసలు బాధ.

అందుకే మా టీమ్ లిస్ట్ ఎలా ఉంటుందంటే, 12 పేర్లు రాయాలి, నిజంగా ఆడేవాళ్లు అయిదుగురు. ముగ్గురు స్కూల్లో ఆడి మానేసినవాళ్లు. ఒకరు వాలీబాల్ పిల్ల, ఎగురుతుంది గానీ బంతిని పట్టుకోవడానికి బదులు కొడుతుంది. ఇద్దరు పరుగు పందెం వాళ్లు. మిగిలిన స్థానానికి ఎవరి దగ్గర మంచి షూస్ ఉంటే వాళ్లు. గార్డ్‌లు కావలసినంతమంది. రింగ్ ఉండేది 3.05 మీటర్ల ఎత్తులో. దాని కింద నిలబడి రీబౌండ్ పట్టే మనిషే లేదు.

పోయిన ఏడాది ఆ మనిషి దొరికింది.

సూర్యాపేట వైపు పిల్ల. 5 అడుగుల 10 అంగుళాలు. నాన్న లేడు, అమ్మ బట్టలు కుడుతుంది. కార్పొరేట్ కాలేజీ ఫీజు కట్టలేక సర్కారు జూనియర్ కాలేజీలో చేర్పించారు. పక్కనే గ్రౌండ్. అంటే పేదరికం వల్ల ఆ రెండేళ్లూ బంతి చేతిలోనే ఉంది! సెలవులకు తార్నాకలో వాళ్ల పెద్దమ్మ ఇంటికి వచ్చి, క్యాంపస్‌లో ఆడటానికి వచ్చింది. మొదటి రోజే నా షాట్ మూడుసార్లు బ్లాక్ చేసింది. "సారీ అక్కా" అంది మూడుసార్లూ. నేను ఆ సాయంత్రమే మేడమ్‌కి ఫోన్ చేశాను.

మేడమ్ పరుగున వచ్చారు. మా కాలేజీ ఇవ్వగలిగింది ఫీజులో సగం తగ్గింపు, ఒక జెర్సీ, మ్యాచ్ రోజుల్లో టీఏ డీఏ. అది కూడా దోస్త్‌లో సీటు వచ్చాక. ఇదివరకు పీడీ చెయ్యి పట్టుకుని ప్రిన్సిపాల్ గదికి తీసుకెళ్తే అడ్మిషన్ అయిపోయేదట. 2016 నుంచి డిగ్రీ సీట్లన్నీ దాదాపు ఆన్‌లైనే. ఫేజ్‌లు, ఆప్షన్లు, సర్టిఫికెట్ వెరిఫికేషన్. ఈలోగా చెన్నై నుంచి ఒక ప్రైవేట్ యూనివర్సిటీ ట్రయల్స్‌కి రమ్మంది. పిల్ల వెళ్లింది, సెలెక్ట్ అయింది. ఫీజు మొత్తం మాఫీ, హాస్టల్, మెస్ ఫ్రీ.

మేడమ్ నాతో ఒక్కటే మాట అన్నారు. "నువ్వెళ్లి మాట్లాడమ్మా. మీరిద్దరూ ఒక ఈడు పిల్లలు, నీ మాట వింటది."

మెట్రో స్టేషన్ దగ్గర్నుంచి నడిచి వెళ్లాను. వాళ్ల అమ్మ కూడా వచ్చి ఉంది. చాయ్ ఇచ్చారు. పిల్ల గోడకు ఆనుకుని నిలబడింది, తల తలుపు పైకమ్మికి తాకేటట్టు.

"బిడ్డా, ఒకటడుగుత," అంది వాళ్ల అమ్మ. "ఆట ఆడితే నౌకరి వస్తదా?"

నాకు తెలిసింది చెప్పాను. ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం ఉంది. బాస్కెట్‌బాల్ వాళ్లకు పెద్ద దిక్కు రైల్వే. మన దక్షిణ మధ్య రైల్వే ఆఫీసు సికింద్రాబాద్‌లోనే, ఇక్కడ్నుంచి దగ్గరే. అయితే చెన్నైలో సదరన్ రైల్వే ఉంది, ఐసీఎఫ్ ఉంది, ఇన్‌కమ్ ట్యాక్స్, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్ టీమ్‌లున్నాయి. కేరళలో కరెంటు బోర్డుకే సొంత టీమ్. గీతూ అన్నా జోస్ గురించి కూడా చెప్పాను. చంగనాశ్శేరి అసంప్షన్ కాలేజీలో ఆడి, సదరన్ రైల్వేలో ఉద్యోగం తెచ్చుకుని, 2011లో అమెరికా డబ్ల్యూఎన్‌బీఏ ట్రయల్స్ దాకా వెళ్లింది. 2014లో అర్జున వచ్చింది. చెప్తుండగానే నాకే అర్థమవుతోంది, నేను చెప్పే ప్రతి పేరూ పిల్లను చెన్నై రైలు ఎక్కిస్తోందని.

"అయన్ని సరే. మీ టీమ్‌ల ఆడినోళ్లల్ల ఎందరికొచ్చింది నౌకరి?"

లెక్కపెట్టక్కర్లేదు. నా బ్యాచ్‌లో ఇద్దరు ప్రైవేట్ స్కూళ్లలో పీఈటీలు. ఒకమ్మాయి కాల్ సెంటర్‌లో ఉంది. ఇద్దరికి పెళ్లిళ్లయ్యాయి. మిగతావాళ్లు నాలాగే పీజీలు, కోచింగ్‌లు. ఆట మీద ఉద్యోగం ఒక్కరికీ రాలేదు. అదే చెప్పాను.

ఆమె కాసేపు మాట్లాడలేదు. "మరి నువ్వేమంటవు బిడ్డా, పంపాల్నా వద్దా?"

"పంపండమ్మా," అన్నాను.

పెద్దమ్మకి నచ్చలేదు. ఆడపిల్ల అంత దూరం, భాష రాదు, తిండి పడదు అని మొదలుపెట్టింది. సాంబారు ఎవరికి పడదు చెప్పండి. మెస్ మెనూ, హాస్టల్ టైమింగ్స్, వార్డెన్ నంబర్, అన్నీ కనుక్కుని ఇస్తానన్నాను. గాయమైతే వైద్యం ఎవరు చేయిస్తారు, ఆడలేకపోతే ఫీజు మాఫీ ఉంటుందా పోతుందా, ఇది కాగితం మీద రాయించుకోండి అని కూడా చెప్పాను. మోకాలి లిగమెంట్ తెగిన రోజు నోటిమాటలు గుర్తుండవు. ఈ ఒక్క సలహా ఎక్కడికి వెళ్లే ప్లేయర్‌కైనా చెప్తాను, మీ ఇంట్లో ఎవరైనా ఉంటే వాళ్లకీ చెప్పండి.

మేడమ్‌కి కోపం వచ్చింది. వారం రోజులు మాట్లాడలేదు. "మన పిల్లని మనమే పంపించుకుంటే ఓయూ ఎట్ల గెలుస్తది?" అన్నారు తర్వాత. ఆమె బాధ నిజం. ఇరవై ఏళ్లుగా స్కూళ్ల చుట్టూ తిరిగి, సొంత డబ్బుతో పిల్లలకు అరటిపళ్లు కొనిపెట్టే మనిషి. కానీ వెళ్లిన పిల్లని ద్రోహి అన్నట్టు మాట్లాడే గ్రౌండ్ కబుర్లు నాకు నచ్చవు. ఇంజినీర్ బెంగళూరు వెళ్తే అభివృద్ధి, రీబౌండర్ చెన్నై వెళ్తే ద్రోహమా? ఆ పిల్లని ఆపాలంటే జూనియర్ కాలేజీలకు గ్రౌండ్ ఉండాలి, మన సిటీలో టీమ్ పెట్టే ఆఫీసులు నాలుగుండాలి. ఆ రెండూ నా సమోసాతో అయ్యే పనులు కావు.

ఇప్పుడు వీడియో కాల్‌లో తమిళం మాట్లాడుతుంది. "అక్కా, ఇక్కడ నన్ను కూడా బ్లాక్ చేసేటోళ్లున్నరు" అంటుంది సంతోషంగా. సౌత్ జోన్ డ్రాలో ఓయూకి వాళ్ల యూనివర్సిటీ తగిలితే ఎవరికి చప్పట్లు కొట్టాలో ఇంకా తేల్చుకోలేదు.

మా లిస్ట్‌లో పన్నెండో పేరు ఖాళీగా ఉందని మేడమ్ నిన్న గుర్తుచేశారు. హ్యాండ్‌బాల్ ఆడే ఒక అమ్మాయి ఉంది, 5 అడుగుల 7. ఆమె పేరు రాశాను. భుజాలు గట్టివి, భయం లేదు. అవతలి రింగ్ కింద గీతల మధ్య మూడు సెకన్లకు మించి నిలబడకూడదంటే "ఎందుకక్కా, అక్కడే కదా బంతి పడేది?" అంది. రేపు సాయంత్రం అయిదున్నరకి రమ్మన్నాను.