ఆగమంటే ఆగేవాళ్ళు

నెల ఖర్చుల్ని "తప్పనిసరివి", "తగ్గించుకోగలిగినవి" అని రెండు కుప్పలు పోయమని పొదుపు గురించి మాట్లాడే ప్రతి యూట్యూబ్ వీడియో చెప్తుంది. 2023 మార్చిలో నా ఉద్యోగం పోయాక మేమూ అదే పని చేశాం. ఎక్సెల్ షీటు, రెండు రంగులు. ముట్టుకోకూడనివి ఎరుపు, కోయగలిగినవి పచ్చ.

వారం తిరిగేసరికి నాకు ఆ రంగుల మీద అనుమానం మొదలైంది. ఎరుపులో ఏమున్నాయి? ఇంటి లోను ఈఎమ్ఐ, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, పాప స్కూలు ఫీజు, అమ్మానాన్నల హెల్త్ ఇన్సూరెన్స్. పచ్చలో? పనికొచ్చే ఆవిడ జీతం, ఇస్త్రీ, పేపరు, పుస్తకాలు, ఊళ్ళో అత్తయ్యకి పంపే రెండు వేలు. ఆలస్యమైతే పెనాల్టీ వేయగలిగినవాళ్ళంతా ఎరుపులో చేరారు. "వచ్చే నెల చూద్దాం" అంటే తలూపి వెళ్ళిపోయేవాళ్ళంతా పచ్చలో. అవసరాల లెక్క అనుకుని మేం రాసుకున్నది ఎవరికి భయపడాలో చెప్పే జాబితా.

ఎరుపులో పెద్దది ఈఎమ్ఐ. 2022 మే మొదట్లో 4 శాతం ఉన్న రెపో రేటు 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. మా లోను దానికి ముడిపడినదే. గుండ్రటి అంకెలతో చెప్తాను: 50 లక్షలు, 6.5 శాతం వడ్డీ, 20 ఏళ్ళు అంటే నెలకి సుమారు 37,280. అదే వడ్డీ 9 అయితే, ఆ 50 లక్షల మీద ఒక్క నెల వడ్డీయే 37,500. అంటే పాత ఈఎమ్ఐ వడ్డీకే చాలదు, అసలు జోలికే పోదు. అదే గడువులో తీర్చాలంటే నెలకి 45 వేలు కట్టాలి. మాకు అప్పటికి కాస్త అసలు తీరింది కాబట్టి అంతదాకా రాలేదు. కట్టే మొత్తం అలాగే ఉండి, గడువు మాత్రం సాగింది. ఆ సంగతి మాకు ఒక ఎస్సెమ్మెస్‌లో తెలిసింది. ఉద్యోగం పోయింది, మూడు నెలలు ఆగండి అని బ్యాంకుకి ఫోన్ చేస్తే, కాల్ సెంటర్ అబ్బాయి సానుభూతిగానే విని, ఖాతాలో బ్యాలెన్స్ ఉండేలా చూసుకోమన్నాడు.

ఆ రోజుల్లో ముళ్ళపూడి 'ఋణానందలహరి' మళ్ళీ తీశాను. నవ్వుకుందామనే తీశాను గానీ, ఈసారి వేరే సంగతి కనబడింది. అందులో అప్పుకి మొహం ఉంటుంది. అడిగేవాడు ఎదురుగా నిలబడాలి, మాట్లాడాలి, ఇచ్చేవాడు కరగాలి. ఉద్యోగం పోయిన వారానికి నాకు ప్రీ-అప్రూవ్డ్ పర్సనల్ లోను మెసేజీలు మూడు వచ్చాయి. అప్పారావు విద్యలన్నీ ఇప్పుడు దండగ. అప్పు ఇవ్వడానికీ మనిషి అక్కర్లేదు, ఆగడానికీ మనిషి లేడు.

మా అమ్మ ఎల్ఐసీ డైరీల్లో పద్దులు రాసేది. నాన్నది ఆర్టీసీ ఉద్యోగం. ఆ డైరీల్లో విభాగాలుండవు, మనుషులుంటారు: పాలాయన, చాకలి, కొట్టు. బిగుతైన నెలల్లో కొట్టు పద్దు పక్కన "చెప్పాను" అని ఒక మాట కనబడుతుంది. చెప్తే కొట్టాయన ఆగేవాడు. ఆ కాలమే బాగుందని అనను, ఆ ఒక్క మాట కోసం అమ్మ కొట్టు ముందు ఎంతసేపు నిలబడేదో నాకు గుర్తుంది.

మా షీటులో పచ్చలోకెల్లా పెద్ద అంకె 3,500. గిన్నెలు, ఇల్లు ఊడ్చి తుడవడం. "నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా, గిన్నెలు తోమలేవా?" అంది మా ఆవిడ. న్యాయమైన ప్రశ్నే. ఆవిడతో మాట్లాడదామని కూర్చోబెట్టాం. మేం నోరు తెరిచేలోపే ఆవిడే చెప్పింది, లక్ష చీటీ పాడుకున్నానని, కూతురి కాన్పుకని. ఇరవై మంది, నెలకి అయిదు వేలు, ఇరవై నెలలు. అవసరం తోసుకొచ్చినవాళ్ళు తగ్గించి పాడతారు. ఆవిడకి చేతికొచ్చింది 76 వేలు. ఇంకా పదకొండు నెలలు కట్టాలి. అంటే ఆవిడకీ ఒక ఎరుపు గడి ఉంది, అది మా పచ్చ గడి మీద ఆనుకుని ఉంది. ఆవిడ మానేస్తే చీటీకి హామీ ఉన్న పక్కవీధి ఆవిడ మీద పడుతుంది. ఆవిడ ఎవరింట్లో పనిచేస్తుందో మాకు తెలీదు.

మానిపించలేదు. ఇందులో మంచితనం ఎంతో నాకు తెలీదు, ఎదురుగా కూర్చుని చెప్పలేకపోవడం కూడా ఉంది. రెండో బండి అమ్మేశాం, పేపరు మానేశాం, గిన్నెల బదులు వంట నా చేతికొచ్చింది. అత్తయ్యకి రెండు వేలూ అలాగే వెళ్తున్నాయి. ఇస్త్రీ మాత్రం ఆపాం. ఇంటర్వ్యూలన్నీ జూమ్‌లోనే కాబట్టి రెండు చొక్కాలు నేనే చేసుకునేవాణ్ణి.

నెల తర్వాత ఇస్త్రీ అతను గేటు దగ్గర ఆపి, "ఊళ్ళో లేరా సార్?" అని అడిగాడు. ఉన్నాను, ఉద్యోగం పోయింది అని చెప్పాను. అయ్యో అన్నాడు, అంతే. నాలుగు రోజులకి ఎవరిదో పెళ్ళి ఉంటే మా ఆవిడ ఒక పట్టుచీర ఇచ్చింది. చీర తెచ్చిచ్చి, డబ్బులు తీయబోతే, "సార్‌కి జీతం వచ్చాక ఇద్దురు లెండి మేడమ్" అని వెళ్ళిపోయాడట.