పొద్దు పొడవకముందే తాటిచెట్టు కింద

మొదటి గుక్కకి ముంజెకాయ రుచి తగిలింది. వెనకే లేత కొబ్బరినీళ్ల చల్లదనం. మింగేశాక నాలుక అంచున సన్నటి చురక. తాటాకు దొప్ప దించకుండా రెండో గుక్క తాగాను, మూడోదీ తాగాను. ఫిబ్రవరి నెలాఖరు, తెల్లవారుజామున ఐదున్నర. ఎదురుగా పాండవుల మెట్ట ఇంకా చీకట్లోనే ఉంది. పుట్టి పెరిగిన పెద్దాపురంలో, చిన్నప్పటి నుంచి చూస్తున్న తాళ్ల కింద, నలభై ఏళ్లు దాటాక తొలిసారి కల్లు తాగుతున్నాను.

మా ఇంట్లో ఆ మాటే ఎత్తేవారు కాదు. తాటిచెట్టంటే ముంజెలు, తేగలు, తాటిపండు, అంతవరకే. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. అది విని పెరిగినవాణ్ణి కనక ఆ చెట్టు నీడకే పోలేదు. తర్వాత ఉద్యోగం బెంగళూరులో. అక్కడి మైక్రోబ్రూవరీల్లో చెక్కపలక మీద చిన్న గ్లాసులు వరసగా పెట్టి తెస్తారు. ఒకదాంట్లో గోధుమ బీరు, ఒకదాంట్లో కాఫీరంగు బీరు. ఏది ఏ గింజతో కాచారో, ఏ దేశపు హాప్స్ వేశారో అడిగి మరీ తెలుసుకునేవాణ్ణి. ద్రాక్షతోటల సీమల్లో మట్టిని బట్టి, కొండవాలును బట్టి వైన్ రుచి మారుతుందంటే నోరు తెరుచుకుని విన్నాను. మా మెట్టపొలాల గట్ల మీద వరసలు కట్టి నిలబడ్డ చెట్లకీ అలాంటి కథే ఉంటుందని ఒక్కనాడూ తట్టలేదు.

తట్టించింది చిన్ననాటి స్నేహితుడు. "ఏడింటికొస్తే నీకు దొరికేది వేరే సరుకు బావా, ఐదింటికే లే" అన్నాడు. లేచాను. మేం వెళ్లేసరికి కల్లుగీసే పెద్దాయన మోకు బిగించుకుని చెట్టు సగంలో ఉన్నాడు. నడుం వెనక కత్తి, కల్లు వంపుకునే కుండ. పైన గెల చివర పల్చటి చెక్కు తీసి, లొట్టి మార్చి, పావుగంటలో కిందికి దిగాడు. ఆ చెక్కు ఎంత పల్చగా తీస్తే గెల అన్నాళ్లు కారుతుంది. లోతుగా కోస్తే ఆ గెల తొందరగా అయిపోతుంది. రోజూ ఎక్కాలి, రోజూ గీయాలి. మానేస్తే గాయం ఆరిపోయి ధార ఆగిపోతుంది.

మూడు చెట్ల కల్లు మూడు దొప్పల్లో పోయించుకున్నాను. మొదటిది సున్నం రాసిన లొట్టిలోది. సున్నం ఉంటే పులుపు పట్టదు, అది నీరా. ఒట్టి తీపి, కాస్త చెట్టు వాసన. రెండోది పోతుతాడిది, సున్నం లేనిది, రాత్రంతా లొట్టిలో నిలిచింది. నేను మొదట చెప్పిన ముంజెకాయ, చురక అన్నీ దీంట్లోవే. మూడోదీ పోతుతాడిదే, పది గజాల అవతలి చెట్టుది. కానీ వాసనే వేరు! పచ్చి చెరుకుగడ విరిచినట్టు, ఆ వెనక మజ్జిగ పులుపు. ఇదెలా అని అడిగితే, "ఆయ్, చెట్టుకో రుచండి. మనుషులంతా ఒకేలా ఉంటారా?" అన్నాడు పెద్దాయన. పోతుతాళ్ల కాలం ముందొస్తుంది, పెంటితాళ్లది తర్వాత. కాయ ముదరకముందే ఆ గెలని కల్లుకి కట్టేస్తే ఇక ముంజెలుండవు. ఏ చెట్టు ముంజెలకి, ఏ చెట్టు కల్లుకి అన్నది ఏటేటా ఆలోచించి తేల్చుకునే లెక్క.

ఇందులో ఎవరూ ఈస్టు కలపరు. గాల్లోది, గెల మీదిది, నిన్నటి లొట్టి గోడకి అంటుకున్నది, అదే పని చేస్తుంది. బెల్జియంలో బ్రస్సెల్స్ దగ్గర సెన్ నది లోయలో లాంబిక్ అనే బీరుని ఇలాగే గాలికి వదిలి పులియబెడతారు. ప్రపంచమంతా దాన్ని నెత్తిన పెట్టుకుంటుంది. కల్లులో ఈస్టుకి తోడు జైమోమొనాస్ అనే బ్యాక్టీరియా కూడా ఉంటుంది. మెక్సికోలో కిత్తలి మొక్క నుంచి తీసే పుల్కేలోనూ అదే ఉంటుంది. మా పొలంగట్టు లొట్టికీ మెక్సికో లొట్టికీ చుట్టరికం ఉందని తెలిసి ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

అదే కల్లు తొమ్మిదింటికి మళ్లీ రుచి చూశాను. తీపి సగం పోయింది. నురగ పెరిగింది, పులుపు ముందుకొచ్చింది. ఉడకబెట్టిన శనగలు, వేయించిన ఎండుచేప తోడుంటే ఆ పులుపే బాగుంది. సాయంత్రానికి అది ఇంకో పానీయం, మర్నాటికి వెనిగర్ దారి పడుతుంది. సీసాలో పెట్టి దూరాలకి పంపే వస్తువు కాదిది. దీన్ని తాగాలంటే మనిషే చెట్టు దగ్గరికి రావాలి. దీని గొప్పంతా నాకు అక్కడే కనిపించింది.

ఆశ ఆగక మర్నాడు జగ్గంపేట, గోకవరం మీదుగా రంపచోడవరం దాటి మారేడుమిల్లి దాకా వెళ్లాం. స్నేహితుడు ఏమీ ముట్టకుండా బండి నడిపాడు. అందరూ బొంగు చికెన్ కోసం వెళ్లే ఆ దారిలో నేను వెతికింది కల్లిచ్చే జీలుగుచెట్టుని. ఆకు అచ్చం చేపతోకలా ఉంటుంది. తాడి ఏటేటా గెల వేస్తుంది. జీలుగు అలా కాదు. ఎన్నో ఏళ్లు ఊరికే పెరిగి, ఒకసారి పూతకొచ్చాక పై నుంచి కిందికి ఒక్కో గెలే వేసుకుంటూ వచ్చి, అట్టడుగుది అయిపోగానే చచ్చిపోతుంది. గెలలున్నన్నాళ్లూ ధార మాత్రం కుండలకి కుండలు! రుచి తాటికల్లంత పదును కాదు. మెత్తగా, పాలలా, చివర్న లేత తేనె వాసన. ఈ కొండల్లో కొండరెడ్ల తిండిలోనే జీలుగు ఉంది. 1945లో వాళ్ల మీద పుస్తకం రాసిన హైమెండార్ఫ్ కూడా ఈ చెట్టు గురించి రాశాడు. శ్రీలంకలో ఇదే చెట్టు పేరు కితుల్. దాని పాకాన్ని అక్కడ పెరుగులో పోసుకుని తింటారు.

జీలుగు బోదె లోపలి పిండితో కొండల్లో జావ కాచుకుంటారు. మా పెద్దాపురం, సామర్లకోట చుట్టుపక్కల సగ్గుబియ్యం మిల్లులు కర్రపెండలం దుంపతో నడుస్తాయి. కానీ సగ్గు అన్న మాట మలయా దేశం నుంచి వచ్చింది. అక్కడ అది తాటిజాతి చెట్టు బోదెలోంచి తీసిన పిండి. ఆ అసలు సగ్గుకి బంధువు మా ఊరికి కొన్ని గంటల దూరంలో ఇప్పటికీ జావగా ఉడుకుతోంది. ఎంత వింత!

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. నేను పొగుడుతున్నది చెట్టు దిగిన కల్లుని, నా కళ్లముందు వంపిన కల్లుని. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు మనుషుల ప్రాణాలు తీసింది. మత్తుమందు కలిపిన ఆ నీళ్లకి కల్లు అన్న పేరే తగదు. మత్తు వద్దనుకునేవాళ్లకి నీరా ఉంది. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023 మేలో దానికోసమే నీరా కేఫ్ తెరిచారు. అలాంటిదొకటి గోదావరి గట్టు మీద ఎందుకుండకూడదు? చెట్లు ఇక్కడున్నాయి, గీత తెలిసిన చేతులున్నాయి. తాటి మీద పరిశోధన చేసే ఉద్యాన కేంద్రం కూడా రంపచోడవరం దగ్గరే, పందిరిమామిడిలో ఉంది.

ఎండలు ముదరకముందే ఒకసారి ఇటు రండి. తెలిసినవాళ్ల ద్వారా గీసేవారికి ముందురోజే కబురు పెట్టండి, అడిగినదానికి ఒక్క రూపాయి తగ్గించకుండా ఇవ్వండి. తాటాకు దొప్ప ఆయనే కట్టిస్తాడు. మీరు చేయాల్సిందల్లా ఐదింటికి లేవడమే.